మాల్థసు లెక్కయు మన వలసలును

లోకమున కొన్ని గ్రంథములు చదివినవారి మూలమునకంటె చదువనివారి మూలముననే యెక్కువగా వ్యాపించును. ఇంగ్లండు దేశపు మతాచార్యుడగు థామస్ రాబర్టు మాల్థసు జనసంఖ్యనుగూర్చి వ్రాసిన గ్రంథ మట్టిది. దానిని మొదటినుండి తుదివరకు చదివిన ఆంధ్రులు మిక్కిలి కొలదిమంది. అందలి మాటను పలుకనివారు మాత్రము లేరు. కరువు వచ్చినను, పట్టణములో ఇంటి అద్దె పెరిగినను, ఆసుపత్రిలో మంచము దొరకకపోయినను, 'జనము పెరిగిపోయినది, ఏమి చేయుదుము' అని నిట్టూర్చు ప్రతివాడును తెలియకయే ఆ మతాచార్యునికి శిష్యుడగుచున్నాడు.

ఇటీవల ఈ మాటకు ఎదురుమాట యొకటి బయలుదేరినది. ఇద్దరు బిడ్డలు చాలునని ముప్పదియేండ్లు శాసించిన ప్రభుత్వమువారే 2024వ సంవత్సరమునుండి ఆంధ్రదేశమున జనము తరిగిపోవుచున్నదనియు, ఇంకను బిడ్డలను కనవలయుననియు చెప్పసాగిరి. నిన్న ఎక్కువైనవారు నేడు తక్కువైరి. ఈ రెండు మాటలును పైకి విరుద్ధములుగ కనబడినను ఒకే మూలమునుండి పుట్టినవని మా యభిప్రాయము. అందుచేత ఆ మూలగ్రంథమును తెరచి, దాని గుణదోషములను మన దేశపు అనుభవముతో సరిచూచుట యవసరమని తోచి ఈ విమర్శనమునకు పూనుకొంటిమి.

మొదట గ్రంథకర్తకు న్యాయము చేయుదము. మాల్థసు 1798లో తన పేరైనను వేసికొనక ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఫ్రెంచి విప్లవము రేకెత్తించిన ఆశలతో మానవజాతి నానాటికి పరిపూర్ణత నొందగలదని గాడ్విను, కొందొర్సే మొదలగువారు వ్రాయుచున్న కాలమది. ఆ ఆశ కాయాశ యని చూపుటకై మాల్థసు కలము పట్టెను. అడ్డు లేనిచో జనము ఇరువదియైదేండ్ల కొకమారు రెట్టింపగుననియు, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అను వరుసను పెరుగుననియు, ఆహారమో ఒకటి, రెండు, మూడు, నాలుగు అను వరుసనే పెరుగుననియు ఆయన వాదము. ఈ రెండు వరుసలకును నడుమ నేర్పడు వెలితిని కరువు, తెగులు, యుద్ధము తీర్చును. లేదా మనుష్యుడు పెండ్లిని వాయిదా వేసికొని తానే తీర్చుకొనవలయును. 1803లో ఆయన తన పేరుతో ప్రకటించిన రెండవ కూర్పు మొదటిదానికంటె ఎన్నోరెట్లు పెద్దది. ఆయన జీవితకాలములో వెలువడిన తుది కూర్పు 1826 నాటి ఆరవది.

ఈ గ్రంథమునకు గుణములు లేకపోలేదు. రాజుల చరిత్రలే చరిత్రయని యెంచు కాలమున పేదవాని పెండ్లి, పేదవాని బిడ్డల చావు, కూలి రేటు, గింజల ధర చరిత్రకు ముఖ్యవిషయములని చెప్పిన ధైర్య మాయనది. ఒక దేశమునుగూర్చి కాక అనేక దేశములనుగూర్చి యాత్రికుల వ్రాతలను, చర్చీల జననమరణ పట్టికలను సేకరించి సరిపోల్చిన శ్రద్ధ మెచ్చదగినది. వలసలనుగూర్చి వ్రాసిన ప్రకరణములో, మనుష్యుడు తన ఊరిని సుఖముగా విడువడనియు, క్రొత్తచోట మొదట కాలు పెట్టినవారు పడు బాధలు ఘోరములనియు, వలస దారిద్ర్యమునకు స్వల్పోపశమనమేగాని మందు కాదనియు ఆయన గ్రహించెను. ఈ గ్రహింపు ఆయన శిష్యులలో పలువురకు లేదు.

ఇక దోషముల కడకు వత్తము. ఈ గ్రంథమున మన దేశమునకొక ప్రకరణము కేటాయింపబడినది; హిందూస్థానము, టిబెట్టు అను రెండును కలిసి అందు విచారింపబడినవి. మాల్థసు మన దేశమున కాలుపెట్టినవాడు కాడు. విలియం జోన్సు ఆంగ్లములోనికి మార్చిన మనుస్మృతిని ముందు పెట్టుకొని, పుత్రుని కనుట పుణ్యమని అందున్నది గనుక ఈ దేశీయులు చిన్నతనముననే పెండ్లాడి విస్తారముగ బిడ్డలను కందురని నిర్ణయించెను. ఒక జాతి ధర్మశాస్త్రమును చదివి ఆ జాతి పొయ్యిమీద ఏమి యుడుకుచున్నదో చెప్పుట యెంత సాహసమో చదువరులే యూహింతురు గాక. మనుస్మృతి ఎవరి కొరకు వ్రాయబడెను? మాలపల్లెలో, బెస్తవాడలో, చెంచుగూడెములో ఆ గ్రంథమును విప్పినవా రెవరు? విధవలకు పునర్వివాహము నిషేధించిన కులములు కొన్ని, మారుమనువులు సాగిన కులములు పెక్కు. ఈ భేదములన్నియు ఒక స్మృతి అట్టలనడుమ మాయమైనవి. సంస్కారవాదులమగు మనకు ఇం దొక హెచ్చరిక కలదు. స్మృతివాక్యమును ప్రమాణముగ జేసికొని జనమును చూచువాడు, మడికట్టుకొన్న పండితుడైనను, దొరయైనను, జనమును చూడనివాడే.

ఇంతటితో పోయినచో ఇది గ్రంథదోషము మాత్రమే యగును. కాని మాల్థసు 1805లో తూర్పు ఇండియా కంపెనీవారి కళాశాలలో ఆచార్యుడుగ నియమింపబడి, 1834లో చనిపోవువరకు ఆ పీఠమున నుండెను. మన దేశమునకు కలెక్టరులుగను, న్యాయాధిపతులుగను రాదలచిన పడుచువాండ్రు హెయిలీబరీ యను ఆ చోటనే అర్థశాస్త్రము నేర్చుకొనుచుండిరి. ఆయనయొద్ద చదివినవారందరును కఠినులని మేమనము. అయినను, ఆకలిచావును ప్రకృతి చేయు సవరణయని నేర్చినవానికి, ఆకలితో చచ్చువాని యెదుట నిలువబడినప్పుడు చేయి వెంటనే ముందునకు సాగదు.

ఆయన ఆ పీఠముననుండగనే నందననామ సంవత్సరపు కరువు వచ్చినది. 1832-33 నాటి ఆ కరువును మనవారు డొక్కల కరువని పిలిచిరి. గుంటూరు సీమలో సుమారు అయిదు లక్షల జనములో రమారమి రెండు లక్షలమంది నశించిరని లెక్క. నలుబదియేండ్లు గడచిన పిమ్మట ధాత కరువు. 1876 మొదలు 1878 వరకు బళ్ళారి, కర్నూలు, కడప సీమలలో ఆకలియు దానివెంట తెగుళ్ళును చేసిన నాశము ఇంతింత యనరాదు. దక్షిణ పశ్చిమ దేశములన్నిట కలిపి చచ్చినవారు అర్ధకోటికి పైబడిరి. ఆ దినములలో కరువుపనికి వచ్చిన కూలివానికి దినమునకొక పౌను గింజలును, స్వల్పముగ డబ్బును చాలునని రిచర్డు టెంపులు నిర్ణయించెను. అది దేహము నిలుచుటకు చాలదని మదరాసు ఆరోగ్యాధికారియగు కార్నిషు వాదించెను. ఈ వాదము జరుగుచుండగనే దేశమునుండి గింజలు ఓడలమీద పోవుచునేయుండెను. గింజలు లేక జనము చావలేదు. గింజలు కొనుటకు చేతిలో కూలిడబ్బు లేక చచ్చినది. అమర్త్యసేనుగారు 1943 నాటి వంగదేశపు కరువు మొదలగువానిని పరిశోధించి 1981లో ప్రకటించిన గ్రంథమున సిద్ధాంతీకరించిన దిదియే.

మాల్థసు సూత్రమును ఇచ్చటనే పరీక్షింపవచ్చును. జనాధిక్యమే దారిద్ర్యమునకు కారణమైనచో, జనము తగ్గిన చోట మిగిలినవారు సుఖపడవలయును గదా! కర్నూలు జిల్లాలో 1871 లెక్కకును 1881 లెక్కకును నడుమ జనము రమారమి నాలుగవవంతు తగ్గినది. మిగిలిన మూడువంతులవారికి అన్నము పుష్కలమయ్యెనా? పదునైదేండ్లు తిరుగకమునుపే ఆ సీమను మరల కరువు పట్టినది. చెరువులు పూడియున్నవి; పన్నులు తగ్గలేదు; అప్పుపత్రములు షావుకారు పెట్టెలో భద్రముగనే యున్నవి. చచ్చినవాని వంతు అన్నము బ్రదికినవాని కంచములోనికి రాలేదు.

గోదావరీతీరపు కథ దీనికంటెను స్పష్టమైనది. 1821 ప్రాంతమున రాజమహేంద్రవరపు జిల్లాలో జనము ఏడు లక్షలకు మించియుండగా, 1840 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు దిగినది. మాల్థసు లెక్కప్రకార మది భాగ్యవంతమగు దేశము కావలయును. నిజమున కది శిథిలమగుచున్న దేశము. జనమును తగ్గినది, శిస్తును తగ్గినది, పంటయు తగ్గినది. కారణములను విచారించుటకు ప్రభుత్వమువారు నియోగించిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక వ్రాసెను. పిమ్మట ఆర్థరు కాటను ధవళేశ్వరమున ఆనకట్టను 1847లో ఆరంభించి 1852లో ముగించెను. నీరు కాలువలలో పారినతోడనే ఆ మన్నే అన్నపు రాశియైనది. విశాఖపట్టణపు సీమనుండి కూలిజనము కాలిబాటను వచ్చి డెల్టాలో కుదురుకొన్నది. జిల్లా జనము రెట్టింపును దాటినది. ఇచ్చట జనము తిండిని తరుముకొని పోలేదు. నీరు వచ్చినది, దానిని పొలమునకు మళ్ళించుటకు చేతులు కావలసివచ్చినవి, చేతులు వచ్చినవి. చేనికి మనుష్యులు పెరిగినప్పుడే సేద్యము మెరుగగునని ఎస్టరు బోసరప్ 1965లో వ్రాసిన సూత్రమునకు మన డెల్టాకంటె మంచి యుదాహరణము దొరకుట కష్టము. మాల్థసు గ్రంథములో మనుష్యునికి కడుపు కలదు, చేతులు లేవు. ఇది ఆ గ్రంథపు మొదటి లోపము.

దేశమంతటి లెక్కయు నిట్లే యున్నది. నేటి భారతదేశపు ఎల్లలలో 1951లో ముప్పదియారు కోట్ల జనము. 2011లో నూట ఇరువదియొక కోట్లు. అనగా మూడు రెట్లకు కొంచె మెక్కువ. ఆహారధాన్యములు 1950-51లో సుమారు 5 కోట్ల టన్నులు. 2010-11లో 24 కోట్ల టన్నులకు పైగా. అనగా నాలుగు రెట్లకు మించి ఐదింటికి చేరువ. ఒకటి, రెండు, మూడు అని నడువవలసిన వరుసయే రెట్టింపుల వరుసను మించి నడచినది. ఇందుకై భూగర్భజలమును తోడివేసితిమి, మన్నును మందులతో నింపితిమి. ఆ వెల యింకను తీరలేదు. అది నిజమే. అయినను ఆ వెల తిన్నవాని సంఖ్యను బట్టి గాక, పండించిన విధమును బట్టి ఏర్పడినదని మరువరాదు.

మరియొక భ్రాంతికూడ తొలగవలసియున్నది. మనవారు హఠాత్తుగ ఎక్కువ బిడ్డలను కనసాగిరి గనుక జనము పెరిగినదని పలువురి తలంపు. నిజమట్లు కాదు. 1911నుండి 1921వరకు గల పదేండ్లలో దేశజనము పెరుగుటకు మారుగ కొంచెము తగ్గినది. 1918 నాటి విషజ్వర మందుకు ముఖ్యకారణము. ఆ దినములలో పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాది నిండకమునుపే సుమారు రెండువందలమంది పోవుచుండిరి. తరువాత పుట్టుకలు పెరుగలేదు, చావులు తగ్గినవి. మశూచికి టీకా, కలరాకు శుభ్రమైన నీరు, మంత్రసానికి మారుగ శిక్షితురాలగు దాది. మనము జనవిస్ఫోటమని భయపడినది మన శిశువులు బ్రదుకుటను చూచియే. సంతోషింపవలసిన విషయమునకు భయపడుట మాల్థసు మనకిచ్చిన విద్య.

రెండవ లోపము వలసలకు సంబంధించినది. వలస స్వల్పోపశమనమని మాల్థసు చెప్పినది సరియే. కాని వలసపోవువాడు తన యిచ్చవచ్చి పోవునట్లును, పోయినవాడు ఆ దేశమున స్థిరపడునట్లును ఆయన వ్రాసెను. ఐరోపావారు అమెరికాకు పోయిన తీరు ఆయన మనస్సులో నున్నది. మన తెలుగువారు అట్లు పోలేదు. 1834 మొదలుకొని మారిషసు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగ పోయిరి. మదరాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ 1860 నవంబరు 16న నేటాలు చేరినది. 1903నుండి ఫిజీకి మదరాసు రేవునుండి కూలీలను పంపసాగిరి. 1920లో ఫిజీ కూలీల ఒప్పందములు రద్దయినవి. ఇచ్చట 'మిక్కిలిగ నున్నవా'రని ఎవరిని లెక్కవేసిరో, వారినే అచ్చట 'చాలినంతమంది లే'రని యేజంట్లు వెదకికొని కొనిపోయిరి. ఒకే మనుష్యుడు ఇచ్చట భారము, అచ్చట సరకు. అధికజన మనునది సంఖ్యనుబట్టి యేర్పడు గుణమైనచో సముద్రము దాటగనే యెట్లు మారినది?

బర్మా కథ మనకింకను దగ్గరిది. మనవారు రంగూనును రంగమనిరి. కోరంగి రేవునుండి వచ్చినవారని బర్మావారు తెలుగువారిని కోరంగీలనిరి. ఆ పేరు క్రమముగ తిట్టుగ మారినది. కాకినాడ, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కళింగపట్టణము రేవులనుండి ఏటేట వేలకొలది జనము స్టీమరులలో కిక్కిరిసి పోయెడివారు. మేస్త్రీ ముందుగ బయానా యిచ్చును. ఆ బయానా తీరువరకు కూలివాడు మేస్త్రీ మనిషి. బియ్యపు మిల్లులలో మూటలు మోయుట, రేవులో సరకు దింపుట, వీథులూడ్చుట, రిక్షాలు లాగుట వారి పనులు. 1931 లెక్కలో బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగరములో సగమునకు పైబడి వారే. పోయినవారిలో స్త్రీలు కొలదిమంది. ఇల్లాలు ఊరిలో, మగడు రంగములో. ఏడాదికో రెండేండ్లకో రాక, మరల పోక. డెల్టాలో ఆనకట్ట వచ్చి పంట పండినను ఆ డెల్టా రేవునుండియే కూలిజనము పోవలసివచ్చినది. ఏలయన నీరు భూమికి వచ్చినదిగాని భూమి కూలివానికి రాలేదు. రంగములో ఆ కూలివాడు మోసిన బియ్యమే ఓడనెక్కి మదరాసు రాజధానికి వచ్చి అమ్ముడుపోయెడిది. తిండికి చాలని జనమని మాల్థసు సూత్రము ఎవరినిగూర్చి పలుకునో వారే లోకమునకు తిండి మోసినవారు.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగనే వారిని పొమ్మనిరి. రెండు పేదజనములు వీథులలో కొట్టుకొన్నవి. నూరుమందికి పైగా చచ్చిరి. లాభము పొందినవానిని ఎవరును తాకలేదు. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుమీద పడినవి. పిమ్మటి నెలలలో నాలుగైదు లక్షల భారతీయులు కొండలును అడవులును పట్టి కాలినడకను స్వదేశమునకు మరలిరి. దారిలో వేలకొలది నేలకూలిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపని నేటికిని పిలువబడు పేట యొకటి కలదు. బర్మానుండి మరలివచ్చినవారి జాడ ఇట్లొక పేట పేరులో నిలిచినది. మారిషసులో నిలిచిపోయినవారి సంతతికి ఉగాది ప్రభుత్వపు సెలవుదినమై యున్నది. పోయినవారందరును నశించిరని మేము చెప్పుటలేదు. వారు పోవుటలోను, నిలుచుటలోను, మరలుటలోను వారి సంఖ్యకంటె ఇతరుల చిత్తమే యెక్కువగ పనిచేసినదని మా వాదము. మాల్థసు మనుష్యునికి కాళ్ళు కలవుగాని, ఆ కాళ్ళకు బయానా గొలుసు కట్టు మేస్త్రీ ఆ గ్రంథమున కానరాడు.

మేస్త్రీ నేడును పోలేదు. పాలమూరు కూలీలు దేశమునందలి ఆనకట్టలకు మన్ను మోసిరి. వారి చేలకు మాత్రము నీరు చిరకాలము రాలేదు. శ్రీకాకుళపు బెస్తవారు తమ యెదుట సముద్రమున్నను గుజరాతు తీరమునకు పోయి పరుల పడవలమీద కూలికి చేపలు పట్టుదురు. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలయి వచ్చిరి. అదే సంవత్సరము మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిపివేయగా, లక్షలకొలది కూలీలు పట్టణములనుండి తమ ఊళ్ళకు నడువసాగిరి. 1942 నాటి నడక పరదేశమునుండి స్వదేశమునకు. 2020 నాటి నడక స్వదేశములోనే. పట్టణమును కట్టినవాడు పట్టణములో అధికజనమైనాడు. రెండు నెలలు గడువకమునుపే, కట్టడములు నిలిచిపోయినవి, కూలీలు రావలయునని గుత్తదారులు ఊళ్ళకు కబురంపిరి. అధికజన మనగా నేమో తెలియగోరువారికి మాల్థసు గ్రంథముకంటె ఆ రెండు నెలలే మంచి పాఠము.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. ఈ గ్రంథమున స్త్రీ లేదు. పురుషుడు పోషింపగలుగువరకు పెండ్లి మానవలయునని మాల్థసు నీతి. ఎంతమందిని కనవలయునో స్త్రీని అడుగవలయునను తలంపే అందు కానరాదు. ఆయన ఖండింపదలచిన కొందొర్సే 1794లో చెరసాలలో చనిపోవుటకు మునుపు, వివేకము పెరిగిన కాలమున మనుష్యులు తమ బిడ్డల సంఖ్యను తామే నియమించుకొందురని వ్రాసెను. మాల్థసు దానిని అనీతియని త్రోసివేసెను. చరిత్ర కొందొర్సే పక్షమున తీర్పు చెప్పినది. శిశువు బ్రదుకునను నమ్మకమును, ఆడుపిల్లకు చదువును కలిగిన ప్రతిచోటను కాన్పులు తగ్గినవి. కరువును తెగులును రానక్కరలేకయే తగ్గినవి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో స్త్రీ కొక్కింటికి సగటున బిడ్డలు ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఇద్దరికంటె తక్కువ.

అయితే ఈ తగ్గుదలనుచూచి సంస్కారము పూర్తియైనదని సంతసింతమా? అదే పరిశీలన మరి రెండు సంగతులు చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున ఇరువదికిని ఇరువదినాలుగింటికిని నడుమ వయస్సు గల స్త్రీలలో నూటికి ఇరువదితొమ్మిదిమందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనది. వివాహితలలో పదిమందికి దాదాపు ఏడుగురు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. ఆ చికిత్స చేయించుకొన్న పురుషులు నూటికొకరైనను లేరు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో తొలి వితంతువివాహమును జరిపించినప్పుడును, 1929లో బాల్యవివాహ నిరోధశాసనము పుట్టినప్పుడును, మన సంస్కర్తలు కోరినది దేశపు లెక్క సరిపడుటకై కాదు. ఆడుది తన బ్రదుకునకు తాను కర్త్రి కావలయునని. లెక్క సరిపడినది, ఆ కోరిక మాత్రము సగములో నిలిచినది. బాల్యమున పెండ్లి, ఇరువది దాటకమునుపే కాన్పులు, ఆపై వెంటనే కత్తి. ఈ వరుసలో ఆమె నడిగిన ఘట్టమెక్కడ?

మాల్థసు భయమును ప్రభుత్వము పూనిన తీరు మనమెరుగుదుము. అత్యవసరపరిస్థితి దినములలో, 1976-77లో ఒక్క యేటనే దేశమున ఎనుబది లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. అందు పెక్కు బలవంతమున జరిగినవి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ శాసనము ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు గ్రామపు ఎన్నికలకు నిలువరాదనెను. ఆ శాసనమే స్త్రీలకు కొన్ని స్థానములను ప్రత్యేకించినది. ఒక చేత పీఠము వేసి, రెండవచేత దానిని లాగినట్లయినది. ఏలయన మూడవ బిడ్డను కనుట మానుట యత్త, మగడు, మగబిడ్డపై మమత యను మువ్వురి చేతిలో నున్నదిగాని ఆమె చేతిలో లేదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ శాసనసభ ఆ నిబంధనను రద్దుచేసినది. రద్దు మంచిదే. కాని రద్దునకు చెప్పబడిన కారణమేమి? ఆ నిబంధన అన్యాయమని కాదు; జనము తరుగుచున్నదని, పనివయస్సువారు తక్కువగుదురని, ముసలివారు పెరుగుదురని. మాల్థసు లెక్కలపుస్తకములో ఖర్చు పద్దున నున్న స్త్రీ జమ పద్దునకు మార్చబడినది. పుస్తకము మాత్ర మదే.

ముసలివారు పెరుగుట నిజమైన చిక్కేయని మే మొప్పుకొందుము. కాని దానికి మందు గర్భమునుండియే రావలయునా? ప్రతి యేటను ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి యువజనము మన పట్టణములకు పనికై వచ్చుచున్నది. మన యువజనము పరదేశములకు పోవుచున్నది. వచ్చినవానికి ఇల్లును, చీట్లబియ్యమును, వాని బిడ్డకు బడిని ఇచ్చి మనవానినిగ చేసికొందుమా? పోయినవాని తల్లిదండ్రులను ఊరు చూచుకొనునా? పనిచేయగోరు ఆడుదానికి బిడ్డను వదలిపోవ చోటును, రాత్రి తిరిగివచ్చుటకు భయములేని బాటయును కలవా? ఈ ప్రశ్నలకు జవాబీయక ఇంకొక బిడ్డను కనుమనుట, నీరు మళ్ళింపక విత్తనములు చల్లుమనుట వంటిది.

కావున మా తీర్పిది. మాల్థసు గ్రంథము చదువదగినది, శ్రద్ధతో వ్రాయబడినది, పేదవాని బ్రదుకును శాస్త్రవిషయముగ చేసినది. కాని అది జనమును లెక్కించినదిగాని మనుష్యుని చూడలేదు. చేతులను, కాళ్ళను కట్టు బయానాను, స్త్రీ సమ్మతిని విడిచిన లెక్క ఎంత సూక్ష్మమైనను తప్పుడు లెక్కయే. జనమును లెక్కించుట మానుడని మేము చెప్పము. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగకపోవుట వలన, ఎవరికెంత బియ్యము చేరవలయునో తెలియక నష్టపడినవారు పేదలే. లెక్క కావలయును. కాని లెక్క వేసినవాడు 'ఎక్కువ' యనినను 'తక్కువ' యనినను, చదువరులు వానిని మూడు ప్రశ్న లడుగవలయునని మా మనవి: ఎవరికి ఎక్కువ? ఎవరి భూమిమీద ఎక్కువ? కనవలసిన యామె నడిగితిరా? వీనికి జవాబు చెప్పలేనివాని లెక్కను, అది పాతికయేండ్ల రెట్టింపునుగూర్చినదైనను, రేపటి ముసలితనమునుగూర్చినదైనను, మన పత్రికలును సభలును అంగీకరింపకుండుట మేలు.